వుడా పార్కు చక్రాల నుంచి షార్ట్ ట్రాక్ బ్లేడు మీదికి: నా అనుభవం

చక్రాల మీద బాగా వెళ్లేవాళ్లు మంచు మీదా వెళ్లిపోతారని విశాఖ వుడా పార్కు రింకులో మా సీనియర్లు అనేవారు. ఆ మాట సగం నిజం. మిగతా సగం ఏమిటో తెలియడానికి నా కెరీర్ అంతా పట్టింది. నేను ఆడింది షార్ట్ ట్రాక్, అంటే మంచు రింకులో చిన్న చుట్లు తిరుగుతూ ఒకరితో ఒకరు పోటీ పడే స్పీడ్ స్కేటింగ్. ఈమధ్య పిల్లల్ని ఐస్ స్కేటింగ్‌లో వేయాలని అడిగే తల్లిదండ్రులు ఎక్కువయ్యారు కాబట్టి ఆ సంగతులన్నీ ఇక్కడ రాస్తున్నాను.

నాన్న పోర్టు వర్క్‌షాపులో ఫిట్టర్. మాది కంచరపాలెం. ఇన్‌లైన్ స్కేట్ల (చక్రాలన్నీ ఒకే వరసలో ఉండేవి) మీద జిల్లా, రాష్ట్ర పోటీలు దాటి జాతీయ పోటీల దాకా వెళ్లాను. మెడల్స్ వచ్చాయి గానీ ఫైనల్ అనగానే నాకంటే పొడుగ్గా, బలంగా ఉన్న అమ్మాయిలు స్ట్రెయిట్‌లో వదిలేసి పోయేవారు. కార్నర్‌లో మాత్రం ఎవరూ నన్ను దాటేవారు కాదు. అది చూసి మా కోచ్ సార్ ఒకరోజు ఇంటర్నెట్ సెంటర్‌కి తీసుకెళ్లి అపోలో ఓనో షార్ట్ ట్రాక్ రేసులు చూపించారు. అమెరికాకి ఎనిమిది ఒలింపిక్ మెడల్స్ తెచ్చిన ఓనో కూడా ముందు ఇన్‌లైన్ స్కేటరే. "నీది మంచు మీద ఆడే ఆటమ్మా, ఇక్కడ టైం వేస్ట్ చేసుకుంటున్నావ్" అన్నారు సార్. వైజాగ్‌లో కూర్చుని ఈ మాట అనడానికి ఎంత ధైర్యం ఉండాలో ఆలోచించండి. మాకు మంచంటే గోలీసోడా బండి మీద ఐసు ముక్క.

ఐస్ హాకీ ఆడే రింకులోనే షార్ట్ ట్రాక్ కూడా. 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. అందులో వేసే ట్రాక్ ఒక చుట్టు 111.12 మీటర్లు. 500 మీటర్లంటే నాలుగున్నర చుట్లు, 1000 అంటే తొమ్మిది, 1500 అంటే పదమూడున్నర. మలుపు వ్యాసార్ధం 8 మీటర్లు. ఈ చివరి అంకె వినగానే నాన్న నవ్వలేదు. మరుసటి ఆదివారం 8 మీటర్ల తాడు కొలిచి, ఒక కొసకి సుద్దముక్క కట్టి, రెండో కొసని నా చేత పట్టించి వుడా పార్కు సిమెంటు మీద గీత గీశారు. ఆ గీత మీద ఫుల్ స్పీడ్‌లో తిరగమన్నారు. మొదటిసారే చక్రాలు జారి గోడ దాకా పోయాను. "చక్రంతో అవదు. బ్లేడు మంచులోకి దిగుద్ది కాబట్టే వాళ్లు తిరగ్గలుగుతున్నారు" అన్నారు నాన్న, మోచేతికి రాసుకోమని బోరోలిన్ ఇస్తూ. నాకు తెలిసిన వాళ్లలో షార్ట్ ట్రాక్‌ని అందరికంటే ముందు అర్థం చేసుకున్నది ఆయనే, ఒక్కసారి కూడా మంచు మీద నిలబడకుండా.

నా మొదటి మంచు సిమ్లాలో. 1920 నుంచి అక్కడ ఆరుబయట సహజమైన మంచు రింకు నడుస్తోంది. రాత్రి నీళ్లు పోస్తారు, చలికి గడ్డకడుతుంది, పొద్దున్నే స్కేటింగ్. ఎండ కొండ మీదికి ఎక్కిందా, సెషన్ అయిపోయినట్టే. మబ్బు పట్టి రాత్రి వెచ్చగా ఉంటే ఆరోజు అసలు మంచే ఉండదు. అమ్మ నాతో వచ్చింది. కల్కా నుంచి చిన్న రైల్లో వెళుతుంటే కిటికీ వేసేయమని నన్ను తిట్టింది గానీ, రింకు దగ్గర రెండు శాలువాలు కప్పుకుని చివరిదాకా కదలకుండా కూర్చుంది.

ఆ మొదటి వారంలో నా శరీరం నేర్చుకున్నది ఒక్కటే: ఆగడం. ఇన్‌లైన్‌లో వెనక కాలు అడ్డంగా ఈడ్చి ఆగుతాం. మంచు మీద అలా చేస్తే బ్లేడు గీసుకుంటూ పోతుంది తప్ప ఆ వేగంలో ఆగదు. రెండు బ్లేడ్లనీ ఒక్కసారి అడ్డం తిప్పి, మడమల మీద బరువు వేసి, మంచు గీరుకుంటూ నిలబడాలి. వేగం నాకు మొదటి రోజే ఉంది. ఆగడం రాకుండా వేగం ఉన్న మనిషిని ఏ రింకులోనూ ఎవరూ దగ్గరికి రానివ్వరు.

ఇక స్కేట్ల సంగతి. ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మన పిల్లలు ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. బూట్లు, బ్లేడ్లు మంచివి కలిపి కొంటే లక్ష దాటుతుంది. నావి మొదట విదేశంలో ఒక స్కేటర్ వాడి అమ్మేసినవి. బూటు కార్బన్‌తో రాయిలా ఉంటుంది. చీలమండ అటూ ఇటూ కదలకూడదు. బ్లేడు మందం మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ, అంతే. బ్లేడు బూటుకి సరిగ్గా మధ్యలో ఉండదు, రెండు కాళ్లకీ ఎడమవైపుకి జరిపి బిగిస్తారు. రేసంతా ఎడమకే తిరుగుతాం కాబట్టి బాగా వంగినప్పుడు బూటు అంచు మంచుకి తగలకూడదు. బూటు మంచుకి తగిలితే బ్లేడు గాల్లోకి లేస్తుంది, మనిషి రింకు చుట్టూ ఉండే ప్యాడ్లలో ఉంటాడు. బ్లేడుకి నిలువుగా ఒక వంపు ఉంటుంది, దాన్ని రాకర్ అంటాం. పక్కకి కూడా, మలుపు తిరిగే వైపుకి, కంటికి కనిపించీ కనిపించనంత వంపు పెడతారు, అది బెండ్. ఈ రెండూ కుదరకపోతే ఎంత బలం ఉన్నా మలుపులో కాలు నిలవదు. పక్కవాడికి కోసుకోకుండా వెనక కొస గుండ్రంగా ఉండాలని రూలు.

సాన పెట్టడం నాన్న నేర్చుకున్నారు. రెండు స్కేట్లనీ తలకిందులుగా జిగ్‌లో (కదలకుండా పట్టే చట్రంలో) బిగిస్తారు, రెండు బ్లేడ్ల అంచులూ ఒకే ఎత్తులో ఉండేలా. పెద్ద రాయిని రెండింటి మీదా ఏటవాలుగా పెట్టి, ముందు నుంచి వెనక్కి, ఒకే ఒత్తిడితో లాగాలి. లాగుతున్నంతసేపూ అంచు పక్కకి బర్, అంటే ఒక సన్నటి లోహపు పొర, లేస్తుంది. చేత్తో తడిమితే గరుకుగా తెలుస్తుంది. చిన్న రాయితో పక్కల నుంచి దాన్ని తీసేయాలి. తీయకపోతే బ్లేడు పదునుగా అనిపిస్తుంది గానీ మొదటి మలుపులోనే ఆ బర్ విరిగి పట్టు పోతుంది. నాన్న బొటనవేలి గోరు అంచు మీద ఆనించి, గోరు మీద తెల్లటి పొట్టు సమానంగా లేస్తోందో లేదో చూసేవారు, పైనుంచి కిందిదాకా ఐదారు చోట్ల. పోర్టు షాపులో అల్యూమినియం యాంగిల్స్‌తో సొంతంగా ఒక జిగ్ చేశారు. కొన్న జిగ్ కంటే అదే బాగుండేది, ఇది కూతురి పక్షపాతం కాదు. అసలు తలనొప్పి సముద్రపు గాలి. వైజాగ్‌లో బ్లేడు ఒక్క రాత్రి తుడవకుండా వదిలేస్తే పొద్దున్నకి ఎర్ర చుక్కలు. మెషిన్ ఆయిల్ రాసి, పాత పంచె ముక్కలో చుట్టి, బియ్యం డబ్బాలో పెట్టేవాళ్లం. అమ్మ డబ్బా మార్చమని ఎన్నిసార్లు మొత్తుకుందో.

2011 జనవరిలో దక్షిణాసియా వింటర్ గేమ్స్ కోసం డెహ్రాడూన్‌లో ఇండోర్ రింకు కట్టారు. పూర్తి కొలతలున్న రింకు మీద అడుగు పెట్టడం నాకు అక్కడే మొదలు. చుట్టూ ప్యాడ్లు, మలుపు గీత తెలియడానికి ఒక్కో మలుపుకి ఏడేసి నల్ల బ్లాకులు. మంచు దెబ్బతినకుండా ట్రాక్‌ని కాస్త అటూ ఇటూ జరుపుతూ బ్లాకులు మారుస్తుంటారు. రేసుల మధ్యలో బకెట్‌తో నీళ్లు తెచ్చి మలుపుల్లో పోస్తారు, బ్లేడ్లు తవ్విన గాట్లు పూడడానికి. ఈ చిన్న పనులన్నీ టీవీలో కనిపించవు. మంచు బాగుందా లేదా అనేది ఆ బకెట్ పట్టుకున్న మనిషి చేతిలో ఉంటుంది.

కార్నర్ అక్కడ నేర్చుకున్నాను. వుడా పార్కులో నన్ను ఎవరూ దాటని కార్నర్‌ని ఇక్కడ మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాల్సి వచ్చింది. చక్రాల మీద మలుపులో కాలు కాస్త వెనక్కి తోసినా నడిచిపోయేది. మంచు మీద అలా తోస్తే జారిపోతాం. కాలు సూటిగా పక్కకి తొయ్యాలి, నడుము లోపలికి పడిపోవాలి, భుజాలు మాత్రం మంచుకి సమాంతరంగా ఉండాలి. ఎడమ చెయ్యి మంచు మీద ఆనుతుంది. ఆనడమే, బరువు వేయడం కాదు. గ్లవ్ వేళ్ల కొసలు మంచుకి రాసుకుని ఒక్క సెషన్‌లో చిరిగిపోతాయి కాబట్టి ఎడమ గ్లవ్ కొసలకి గట్టి తొడుగు ఉండాలి. కొన్నవి ఖరీదు. మేం అరల్డైట్ రెండు ట్యూబులు కలిపి, గ్లవ్ తొడుక్కుని, వేళ్ల కొసల మీద ముద్దలు పెట్టి, ఆరేదాకా చెయ్యి గాల్లో పెట్టుకుని కూర్చునేవాళ్లం. హాస్టల్ గదిలో అరడజను మంది అమ్మాయిలు ఎడమ చేతులు పైకెత్తి, కుడి చేత్తో మ్యాగీ తింటూ ఉండటం వార్డెన్ చూసి ఏం అనుకుందో ఇప్పటికీ తెలియదు.

పడటం కూడా నేర్పుతారు. పడ్డామని తెలియగానే పిరుదు మీద కూర్చుండిపోవాలి, కాళ్లు గాల్లోకి లేపకూడదు, చేతులు లోపలికి లాక్కోవాలి. ప్యాడ్లకి వీపు తగిలేలా తిరగ్గలిగితే మంచిది. గంటకి 40 కిలోమీటర్ల పైన వేగంలో ఇదంతా ఆలోచించే టైం ఉండదు, అందుకే పడటాన్ని కావాలని ప్రాక్టీస్ చేయిస్తారు. మెడకి గార్డు, బ్లేడుకి తెగని బట్టతో సూటు, హెల్మెట్, షిన్ గార్డులు లేకుండా మంచు ఎక్కనివ్వరు. ఎందుకో చెప్పడానికి మా కోచ్ ఎప్పుడూ ఒకే పేరు చెప్పేవారు: ఆస్ట్రేలియా స్కేటర్ స్టీవెన్ బ్రాడ్‌బరీ.

బ్రాడ్‌బరీ గురించి నాదొక మాట. 2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో 1000 మీటర్ల ఫైనల్ ఆఖరి మలుపులో ముందున్న నలుగురూ ఒకరి మీద ఒకరు పడిపోతే, వెనకాల వస్తున్న ఈయన నింపాదిగా వచ్చి స్వర్ణం తీసుకున్నాడు. ఆ వీడియో చూసి జనం నవ్వుతారు. అదే మనిషికి 1994లో ఒక రేసులో వేరే స్కేటర్ బ్లేడు తొడలోకి దిగి, నాలుగు లీటర్ల రక్తం పోయి, 111 కుట్లు పడ్డాయి. 2000లో ప్రాక్టీస్‌లో మెడ ఎముకలు విరిగాయి. తర్వాత కూడా వచ్చి నిలబడ్డాడు. ముందున్నవాళ్లు పడతారని ముందే లెక్కేసుకుని వెనక ఉండటం షార్ట్ ట్రాక్‌లో ఒక ఎత్తుగడ, దాన్ని అదృష్టం అనేవాళ్లు ఒక్క హీట్ (తొలి రౌండు రేసు) అయినా ఆడి మాట్లాడాలి.

ఆ ఎత్తుగడ విషయమే మొదట నాకు ఎక్కలేదు. ఇన్‌లైన్ టైం ట్రయల్‌లో గడియారంతో పోటీ. ఇక్కడ టైం ఎవరికీ పట్టదు. హీట్‌లో నలుగురో ఐదుగురో ఉంటారు, మొదటి ఇద్దరు సాధారణంగా ముందుకెళ్తారు. 500లో స్టార్ట్ అయ్యాక మొదటి మలుపులోకి ఎవరు ముందు దూరితే వాళ్లదే సగం రేసు. 1500లో మాత్రం మొదట్లో అందరూ మెల్లగా, ముందుండటానికి ఇష్టపడకుండా తిరుగుతారు, ముందున్న మనిషి గాలిని చీలుస్తుంటే వెనకవాళ్లు ఆ నీడలో శ్వాస దాచుకుంటారు. ఇంకో ఆరేడు చుట్లు ఉన్నాయనగా ఎవరో ఒకరు లేస్తారు, ఇక అక్కడి నుంచి కొట్లాటే. లోపలి వైపు నుంచి దాటితే ముందువాడి దారికి అడ్డం పడకూడదు, బయటి వైపు నుంచి దాటితే చుట్టు పొడవు పెరుగుతుంది. పొరపాటున మోచెయ్యి తగిలినా రిఫరీ వీడియో చూసి తీసేయొచ్చు. ఫినిష్ లైన్ దగ్గర లెక్కకి వచ్చేది బ్లేడు ముందు కొన, అందుకే ఆఖరి అడుగులో అందరూ కాలు ముందుకి విసురుతారు. ఆ కాలు గాల్లోకి లేస్తే ప్రమాదకరమని శిక్ష. జాతీయ పోటీల్లో నా మెడల్స్ చాలావరకు 1500వి. స్ట్రెయిట్‌లో నన్ను వదిలేసి పోయిన పొడుగు అమ్మాయిల మీద పగ అక్కడ తీరింది.

రిలేకి మాత్రం చక్రాలే పనికొచ్చాయి. అమ్మాయిలకి 3000 మీటర్లు, నలుగురం, ఇరవై ఏడు చుట్లు. బ్యాటన్ ఉండదు. వస్తున్న స్కేటర్ ముందున్న స్కేటర్ నడుం మీద రెండు చేతులూ పెట్టి తోసేయాలి. తోసే ముందు ఆ రెండో అమ్మాయి ట్రాక్ లోపలి నుంచి సరిగ్గా టైంకి వచ్చి వంగి సిద్ధంగా ఉండాలి. ఈ పుష్‌ని మేం వుడా పార్కులో చక్రాల మీదే పొద్దుటా సాయంత్రం చేసేవాళ్లం. వాకింగ్‌కి వచ్చిన పెద్దాయన ఒకాయన "ఏటమ్మా, ఒకల్నొకలు తోసుకోడానికి కూడా కోచింగా?" అని అడిగాడు.

ఆ తర్వాత డెహ్రాడూన్ రింకు మూతపడింది. రింకుని చల్లగా ఉంచడానికి అయ్యే కరెంటు, నిర్వహణ ఖర్చు మాటలా? ఏళ్ల తరబడి తెరవలేదు. నా కెరీర్‌లో మంచి వయసంతా ఆ ఏళ్లలోనే పోయింది. అప్పటినుంచి నేను స్కేటర్‌ని కాదు, మంచు వెతుక్కునే మనిషిని. గురుగ్రామ్‌లో ఒక మాల్‌లో చిన్న రింకు ఉండేది, పూర్తి కొలత కాదు. జనం పోయాక మాకు ఇచ్చేవారు. చలికాలంలో లద్దాఖ్, సిమ్లా. లేహ్‌లో ఊపిరందక మొదటి రెండు మూడు రోజులు నడవడమే గొప్ప, సెషన్ తర్వాత వాంతులు. మిగతా సంవత్సరం వైజాగ్‌లో స్లైడ్ బోర్డు మీద: నున్నటి షీటు, రెండు కొసలా చెక్కలు, మేజోళ్లు వేసుకుని అటూ ఇటూ జారడం. తొడలు మండిపోతాయి, కానీ అందులో మలుపు ఉండదు.

కొన్ని వారాల క్యాంపు కోసం సియోల్ వెళ్లాను. ఈ ఆటలో కొరియా ఎందుకు రాజ్యమేలుతోందో మంచు ఎక్కకముందే తెలిసింది. 1992 ఆల్బర్ట్‌విల్‌లో షార్ట్ ట్రాక్ మొదటిసారి ఒలింపిక్ మెడల్ ఈవెంట్ అయినప్పుడు 1000 మీటర్ల స్వర్ణం కొరియాకి చెందిన కిమ్ కీ-హూన్‌దే, అప్పటినుంచి వాళ్లు ఆపలేదు. తెల్లారకముందే రింకు బయట ప్రాథమిక పాఠశాల పిల్లలు వరసగా నిలబడి కార్నర్ బెల్టు చేస్తున్నారు. ఒకరు నడుముకి వెడల్పాటి పట్టీ చుట్టుకుని ఎడమకి పడిపోతున్నట్టు వంగుతారు, రెండోవాళ్లు ఆ పట్టీ కొసలు పట్టుకుని బరువు ఆపుతారు. వంగినవాళ్లు ఆ భంగిమలోనే కుడి కాలు, ఎడమ కాలు మార్చి మార్చి క్రాస్‌ఓవర్ (ఒక కాలు మీదుగా ఇంకో కాలు వేయడం) చేస్తారు. ఎవరూ మాట్లాడటం లేదు. తర్వాత మంచు మీద ఆ పిల్లల్లో ఒకతి, నా భుజం దాకా కూడా లేని పిల్ల, నన్ను లోపలి నుంచి దాటి, వెనక్కి తిరిగి తల వంచి నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. ఆ మర్యాదకి నాకు కోపం కూడా రాలేదు. ఆ పిల్ల మలుపులో కాలు పెట్టే చోటు ప్రతిసారీ ఒకటే. నాది ప్రతి చుట్టుకీ మారుతోంది. బలం తేడా కాదు, మంచు మీద గడిపిన గంటల తేడా. ఆ గంటలు చిన్నప్పుడే పడాలి. పదిహేనేళ్లకి మంచు చూసినవాళ్లు ఆసియా స్థాయిలో హీట్స్ దాటడం ఎంత కష్టమో అప్పుడు లెక్క తేలింది.

ఇంకో రెండు సీజన్లు ఆడాను. నడుము నొప్పి ఒక పక్క, ఉద్యోగం వెతుక్కోవాల్సిన వయసు ఒక పక్క. ఒక ఆఫీసులో సర్టిఫికెట్లు చూసిన ఆయన "ఇది స్నో వరల్డ్‌లో ఇచ్చారా?" అని నిజంగానే అడిగాడు. ఆపేశాను. ఏడవలేదు, స్కేట్లు మాత్రం అమ్మలేదు.

ఇప్పుడు వైజాగ్‌లోనే ఇన్‌లైన్ పిల్లలకి కోచింగ్ ఇస్తున్నాను. డెహ్రాడూన్ రింకు 2025లో మళ్లీ తెరుచుకుంది, హిమాద్రి అని పేరు పెట్టారు, ఆగస్టులో ఆసియన్ ఓపెన్ షార్ట్ ట్రాక్ పోటీలు కూడా అక్కడే జరిగాయి. అదే ఏడాది జనవరిలో లేహ్‌లో జరిగిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌లో తెలంగాణ అమ్మాయి నయనశ్రీ తాళ్లూరి షార్ట్ ట్రాక్‌లో స్వర్ణం గెలిచింది. ఆ వార్త వచ్చినప్పటి నుంచి నా ఫోన్ ఆగడం లేదు.

అడిగేవాళ్లకి నేను చెప్పేది ఇది. ఏడెనిమిదేళ్ల పిల్లలైతే ముందు చక్రాల మీద వంగి కూర్చునే భంగిమ, క్రాస్‌ఓవర్, రిలే పుష్ నేర్పించండి, ఇవి పోవు. ఆ వెంటనే, ఏడాది ఆగకుండా, సెలవుల్లో మంచు మీదికి తీసుకెళ్లండి. ఖరీదైన బ్లేడ్లు మొదటి రెండేళ్లు వద్దు, కాలు పెరుగుతుంది. అద్దె స్కేట్లతో ఆగడం వచ్చాకే సొంత బూట్లు. సాన పెట్టడం ఇంట్లో ఒకరు నేర్చుకోండి. మెడ గార్డు, తెగని సూటు విషయంలో మాత్రం బేరం వద్దు, వాడినవి కొనకండి.

"ఒలింపిక్స్‌కి వెళ్తాడా మేడం?" అని మొన్న ఒక తండ్రి అడిగారు. ఇంతవరకు మన దేశం నుంచి షార్ట్ ట్రాక్‌లో ఎవరూ ఒలింపిక్స్‌కి వెళ్లలేదని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, డెహ్రాడూన్‌కి విశాఖ నుంచి డైరెక్ట్ రైలు ఉందా అని అడిగారు. ఢిల్లీలో మారాలి అని చెప్పాను. ఈ వేసవికి టిక్కెట్లు కలిపి తీయమన్నారు, ముగ్గురు పిల్లలు, ఇద్దరు తల్లులు. జిగ్ నాన్నదే తీసుకెళ్తున్నాం.